నైట్ రిపోర్టు

చేచ్చి పోయింది. నలభయ్యో రోజు ప్రార్థనకు లింగరాజపురం వెళ్ళాను. చర్చి బయట షామియానా కింద ఎన్నాళ్ళకో చూసిన మొహాలు. జుట్టు నెరిసిన నర్సులు, మోకాళ్ళ నొప్పులతో కూర్చోలేక నిలబడిపోయిన ఆయాలు, ఒకప్పుడు మా వార్డులో తెల్లకోటు వేసుకుని బెదురుతూ నిలబడిన కేరళ పిల్లలు. వాళ్ళ పిల్లలే ఇప్పుడు కాలేజీలకు వెళ్తున్నారు. ఒకామె ఐర్లండు నుంచి ఇందుకోసమే వచ్చింది. ఆవిడ మా వార్డు హెడ్ సిస్టర్. మేమంతా ఆవిడను చేచ్చి అనే పిలిచేవాళ్ళం, అక్కా అని పిలిచినట్టు. కన్నడవాళ్ళు, తమిళులు, తెలుగు మేము, ఆఖరికి పెద్ద డాక్టర్లకు కూడా ఆవిడ చేచ్చే.

భోజనాల దగ్గర మాట సోజన్ జోసెఫ్ మీదికి మళ్ళింది. మా వాళ్ళు నలుగురు కలిస్తే ఇప్పుడు ఆ పేరు రాకుండా ఉండదు. కొట్టాయం దగ్గర కైపుళలో పుట్టి, మన బెంగళూరులో బి.ఆర్. అంబేడ్కర్ మెడికల్ కాలేజీలో నర్సింగ్ చదివి, బ్రిటన్ వెళ్ళి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఇరవై ఏళ్ళకు పైగా మానసిక రోగుల నర్సుగా పనిచేసినవాడు. 2024 జులైలో కెంట్ ప్రాంతంలోని ఆష్‌ఫర్డ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఓడించింది చిన్నవాణ్ణేమీ కాదు. డేమియన్ గ్రీన్ అక్కడ 1997 నుంచి గెలుస్తూ వచ్చిన మనిషి, అప్పటి ప్రధాని థెరిసా మే మంత్రివర్గంలో ఆవిడ తర్వాత ఆవిడంతటివాడు. మెజారిటీ 1,779 ఓట్లు. ఆ సీటు నుంచి లేబర్ పార్టీ ఎంపీ రావడం అదే మొదటిసారి.

ఆ రోజు పొద్దున చేచ్చి ఫోను చేసింది. అప్పటికే ఆవిడకు నడుము లేవడం లేదు, గొంతు మాత్రం వార్డులో ఉన్నప్పటి గొంతే. కేరళవాడు గెలిచాడని టీవీలో ఒకటే హడావుడి, భారతీయుడు గెలిచాడని ఇంకో హడావుడి. చేచ్చికి అవేమీ పట్టలేదు. "మెంటల్ వార్డు నర్సు గెలిచాడే! నైట్ డ్యూటీ చేసినవాడు చట్టం చేసే చోటికి పోయాడే!" అని పదే పదే అంది. ఆ సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

* * *

మాది మదనపల్లె దగ్గర చిన్న పల్లె. మా పెద్దమ్మ ఆరోగ్యవరం శానిటోరియంలో ఆయా. క్షయ వ్యాధికి ఇన్ని మందులు లేని కాలంలో కట్టిన ఆసుపత్రి అది. కొండగాలి, వెలుతురు, మంచి తిండి, విశ్రాంతి, ఇవే అప్పట్లో వైద్యం. సెలవుల్లో పెద్దమ్మ దగ్గరికి వెళ్తే చెట్ల నీడలో పొడుగాటి వరండాలు, అందులో వరసగా మంచాలు, దూరంగా ఒక తెల్లచీర. సిస్టరమ్మ వస్తోందంటే మంచాల్లో వాళ్ళు మెల్లిగా లేచి కూర్చునేవాళ్ళు. ఆవిడేం చేసేదో నాకు అర్థమయ్యేది కాదు. జ్వరం చూసి, రాసుకుని, రెండు మాటలు మాట్లాడి పోయేది. ఆ రెండు మాటల కోసం వాళ్ళు పొద్దుటి నుంచి చూసేవాళ్ళని పెద్దమ్మ చెప్పింది.

పదో తరగతి అయ్యాక పెద్దమ్మే మా నాయనను ఒప్పించింది. ఒప్పించడం తేలిక కాలేదు. "ఆడపిల్ల పరాయి మగోళ్ళకు సూదులేస్తాదా?" అని మా జేజి మూడు పూటలు అన్నం మానేసింది. రేకు ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు బస్సు మీద వేయించి నాయన నన్ను ఎక్కించుకొచ్చాడు. చింతామణి, హొసకోటె దాటి బెంగళూరు. కలాసిపాళ్యంలో దిగేసరికి తెల్లారి చలి. అప్పట్లో ఎండాకాలంలో కూడా ఈ ఊళ్ళో పొద్దున్నే స్వెట్టరు కావాల్సి వచ్చేది. మార్కెట్ వైపు నుంచి మల్లెపూల బుట్టలు, కొత్తిమీర కట్టలు, గుర్రబ్బండ్లు. తెలుగు వినపడని చోటికి వచ్చేశానని కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, టీ కొట్టాయన మా నాయనతో "ఏ ఊరు రెడ్డీ?" అన్నాడు. బెంగళూరులో తెలుగు లేని వీధి లేదని తర్వాత తెలిసింది.

నర్సింగ్ స్కూలు రోజుల్లో నాకు బాగా గుర్తున్నవి చేతుల పనులు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. సిరంజీలు గాజువి. వాడినవి కడిగి, పిస్టన్‌కూ బారెల్‌కూ నంబరు కలిపి గాజుగుడ్డలో చుట్టి, నీళ్ళలో మరిగించాలి. నంబరు తప్పితే మందు వెనక్కి కారుతుంది. సూదులు మొద్దుబారితే పారేయం, సానరాయి మీద రుద్ది, మొనను దూది మీద లాగి చూస్తాం. దూది పోగు పట్టుకుంటే ఇంకా గరుకుందని అర్థం. రబ్బరు గ్లవ్స్ కడిగి, గాలి ఊది చిల్లులు చూసి, అతుకు వేసి, పౌడరు రాసి, జతలు కట్టి డ్రమ్ములో పెట్టి ఆటోక్లేవ్‌కు పంపాలి. మధ్యాహ్నం డ్యూటీ మెత్తగా ఉన్న రోజు నర్సులందరం బల్ల చుట్టూ కూర్చుని గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టేవాళ్ళం. సగం కబుర్లు అప్పుడే. ఎవరి ఊళ్ళో వాన పడింది, ఎవరి చెల్లికి సంబంధం కుదిరింది, అన్నీ ఆ మడతల మధ్యే.

ఆదివారం టోపీలకు గంజి. మరీ పలచనైతే టోపీ వాలిపోతుంది, చిక్కనైతే నుదురు కోసుకుంటుంది. వాలిన టోపీతో మేట్రన్ ముందు నిలబడే ధైర్యం మాలో ఎవరికీ లేదు. బూట్లు, బెల్టు, గోళ్ళు, జుట్టు, నాలుగూ చూసిన తర్వాతే ఆవిడ మమ్మల్ని వార్డులోకి వదిలేది.

* * *

జనరల్ నర్సింగ్ అయ్యాక మా బ్యాచ్‌లో చాలామంది సర్జరీకో, కాన్పుల వార్డుకో వెళ్ళారు. నేను హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమాకు వెళ్ళాను. అప్పటి మైసూరు రాష్ట్ర ప్రభుత్వ మెంటల్ హాస్పిటల్‌ను, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి 1974లో నిమ్హాన్స్‌గా మార్చారు. ఎర్ర మట్టి దారులు, పెద్ద పెద్ద చెట్లు. రోగులు పని నేర్చుకునే చోట బ్రెడ్ చేసేవాళ్ళు. ఆ వాసన దారి మధ్యలో ఎక్కడో తగిలేది. మొదటి వారం హాస్టలు గదిలో నిద్రపోలేదు. బయట వాళ్ళు చెప్పిన కథలన్నీ బుర్రలో. రెండో వారం వార్డులో ఒక ముసలమ్మ నా జడ విప్పి దువ్వింది. భయం ఆ దువ్వెనతో పోయింది.

అక్కడ నేను చూసిన మంచి పద్ధతి, రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు పక్కనే ఉండటం. ఒక్కణ్ణే తెచ్చి వదిలేసి వెళ్ళడం లేదు. తల్లులు ఆకుకూర ఒలుస్తూ కొడుకుల పక్కన కూర్చునేవాళ్ళు. జబ్బు ఏమిటో, మందు ఎందుకు మానకూడదో వాళ్ళకూ తెలిసేది.

ఆ తర్వాత నేను ఉద్యోగం చేసిన వార్డు ఇంకోచోట, ఆ ఆసుపత్రి పేరు వద్దు. అక్కడే చేచ్చి మా హెడ్ సిస్టర్. తాళం చెవుల గుత్తి ఆవిడ నడుముకు ఉండేది. వరండా మలుపులో ఆ చప్పుడు వినపడగానే తెలిసిపోయేది. డ్యూటీ మారేటప్పుడు మొదట తలలు లెక్కపెట్టాలి. తర్వాత చెంచాలు, కత్తెరలు, బ్లేళ్ళు, గ్లాసులు. లెక్క కుదిరేదాకా పాత డ్యూటీ వాళ్ళు ఇంటికి పోవడానికి లేదు.

పారాల్డిహైడ్ వాసన గుర్తున్నవాళ్ళు ఇప్పుడెంతమంది ఉన్నారో. ఫిట్స్ ఆగకపోయినా, మనిషి పట్టలేనంత ఉద్రేకంలో ఉన్నా అప్పట్లో ఇచ్చే మందు. ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది కాబట్టి గాజు సిరంజీలోనే తీయాలి. పొడిచిన తర్వాత రోగి ఊపిరిలో, గదిలో, మా చీరలో అదే వాసన రాత్రంతా. నైట్ ముగించుకుని విల్సన్ గార్డెన్ బస్సెక్కితే పక్క సీటావిడ ముక్కు మూసుకునేది. బీటీఎస్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నా అదృష్టం.

మా వార్డులో తెలుగు రోగులు చాలా ఎక్కువ. అనంతపురం, హిందూపురం, కదిరి, కడప, కర్నూలు, మా చిత్తూరు. వాళ్ళకు పెద్ద ఆసుపత్రి అంటే బెంగళూరే. రాత్రి బస్సెక్కి తెల్లారికి కలాసిపాళ్యంలో దిగి, సద్దిమూటతో ఓపీ గేటు దగ్గర కూర్చునేవాళ్ళు. కన్నడ డాక్టరుకు వాళ్ళ సీమ మాట సగమే అర్థమయ్యేది. "సిస్టర్, ఇల్లి బన్ని" అని కేకేసేవారు. నేను వెళ్ళి నిలబడేదాన్ని. ఏ డ్యూటీలో ఉన్నా, ఏ చేతిలో ఏ పనున్నా ఆ పిలుపుకు వెళ్ళాల్సిందే. ఆ పనికి రోస్టరులో చోటు లేదు, జీతంలో లెక్క లేదు. నాకు మాత్రం ఆ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

* * *

చేచ్చి మాకు నేర్పింది ఒక్కటే అని చెప్పవచ్చు. నైట్ రిపోర్టు రాయడం.

పొడుగాటి పుస్తకం, గట్టి అట్ట, ఎర్ర అంచు. ఒక్కో రోగి పేరు కింద రాత్రి ఏం జరిగిందో రాయాలి. అన్ని వార్డుల్లోనూ నర్సులు రాసేది ఒకటే వాక్యం, రాత్రి బాగా నిద్రపోయాడు. చేచ్చికి ఆ వాక్యం చూస్తే ఒళ్ళు మండేది. "ఎన్నింటికి పడుకున్నాడు? ఎన్నిసార్లు లేచాడు? లేచి ఏమన్నాడు? అన్నది అన్నట్టు రాయి. నువ్వు అనుకున్నది నాకు అక్కర్లేదు" అనేది. పొద్దున ఎనిమిదికి డాక్టర్లు, నర్సులు, ఆయాలు అందరూ నిలబడి ఉండగా నైట్ సిస్టర్ దాన్ని గట్టిగా చదవాలి. గొణగకూడదు. "అతని తరఫున మాట్లాడేది ఈ గదిలో నువ్వొక్కదానివే. వెనక వరసలో ఆయాకు కూడా వినపడాలి" అనేది.

పెనుకొండ వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. నలభై దాటిన మనిషి. మాట లేదు, తిండి లేదు. కూర్చోబెడితే కూర్చుంటాడు, చెయ్యి ఎత్తి వదిలితే అలాగే గాల్లో ఉంటుంది. పక్కనున్న తమ్ముణ్ణి ఏమడిగినా "దయ్యం పట్టింది సారూ, పొలంలో పట్టింది" అనేవాడు. ఇంకేమీ చెప్పడు. రోజులు గడుస్తున్నాయి. డాక్టర్లు కరెంటు పెట్టాలని, అంటే తలకు షాక్ వైద్యం ఇవ్వాలని అనుకుంటున్నారు.

ఆ రాత్రి నేను టార్చి పట్టుకుని రౌండుకు వెళ్ళాను. వెలుగు మొహాల మీద పడకూడదు, మంచం కాళ్ళ మీద వేసి, ఆ చాయలో పొట్ట ఎగసిపడుతోందో లేదో చూడాలి, అది కూడా చేచ్చి నేర్పిందే. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. పక్క వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఉన్నట్టుండి ఆయన నా వైపు తిరగకుండానే అన్నాడు, "మోటారు ఆపినారా?"

నేను "ఏ మోటారన్నా?" అన్నాను. మళ్ళీ మాట లేదు.

పుస్తకంలో అదే రాశాను, ఆ రెండు మాటలే, తెలుగులోనే రాసి పక్కన కన్నడంలో అర్థం రాశాను. పొద్దున చదివాను. పెద్ద డాక్టరు తల ఎత్తి ఇంకోసారి చదవమన్నాడు. తమ్ముణ్ణి పిలిపించారు. ఈసారి నేను అడిగాను, మోటారు సంగతేమిటని. ఆ పిల్లవాడు గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. బోరు ఎండిపోయింది. అప్పు తెచ్చి ఇంకో బోరు వేశారు, అదీ ఎండింది. మూడోది వేస్తే నాలుగు రోజులు నీళ్ళొచ్చాయి. అయిదో రోజు ఉత్త మోటారు తిరిగి కాలిపోయింది. చెనిక్కాయ చేను మాడిపోయింది. ఆ రాత్రి నుంచి అన్న మాట్లాడలేదు. దయ్యం కథ అప్పులవాళ్ళకు చెప్పడానికి ఇంటివాళ్ళు కట్టింది.

వైద్యం దారి ఆ రోజు మారింది. ఆయన మాట్లాడి, తిని, నడిచి ఇంటికి వెళ్ళడానికి కొన్ని వారాలు పట్టింది. వెళ్ళేటప్పుడు అందరికీ దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఓపీకి వచ్చినప్పుడల్లా వార్డుకు ఒక మూట చెనిక్కాయలు తెచ్చేవాడు.

* * *

కరెంటు పెట్టడం గురించి చెప్పాలి. నేను చేరిన కొత్తలో మా ఆసుపత్రిలో మత్తు ఇవ్వకుండానే పెట్టేవాళ్ళు. మత్తు డాక్టరు దొరకడు, మందు దొరకదు, రోగులు ఎక్కువ. పళ్ళ మధ్య రబ్బరు ముక్క పెట్టి, భుజాలు, తుంటి మేం పట్టుకునేవాళ్ళం. క్రమంగా మత్తుతో ఇవ్వడం వచ్చింది. సరిగ్గా ఇస్తే అది మంచి వైద్యం, ఎందరో దానితో బతికారు. కానీ ఆ మొదటి పొద్దులు నా అరచేతుల్లో ఉండిపోయాయి.

చేచ్చి అప్పుడే అనేది, ఇది మనం మార్చలేం, చట్టం మార్చాలి అని. వార్డులో మా బతుకంతా ఏదో ఒక చట్టం కిందే నడిచేది. నేను చేరినప్పటికి ఇంకా 1912 నాటి లూనసీ చట్టమే. పోలీసులు ఎవరినో పట్టుకొచ్చేవాళ్ళు, మేజిస్ట్రేటు సంతకంతో కాగితం, ఆ కాగితం మీద మనిషి లోపలికి. బయటికి వెళ్ళడానికి మళ్ళీ కాగితాలు. 1987లో కొత్త చట్టం చేశారు, అమల్లోకి రావడానికి 1993 దాకా పట్టింది. మనసుకు జబ్బు చేసిన మనిషి కోసం ఎవరూ తొందరపడరు.

2001 ఆగస్టు 6. తమిళనాడులో ఏర్వాడి. దర్గా దగ్గర ఒక మెంటల్ హోములో గుడిసెకు నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేకపోయారు. ఆ రోజు చేచ్చి వార్డులో ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళింది. ఏమీ మాట్లాడలేదు, దుప్పట్లు సర్దుతూ తిరిగింది. సాయంత్రం డ్యూటీ రూములో బల్ల మీద చెయ్యి పెట్టి అంది, "ఈ చట్టాలు రాసేవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు మెంటల్ వార్డులో ఒక్క రాత్రి కూర్చుని ఉంటే, గొలుసు సంగతి మొదటి పేజీలోనే రాసి ఉండేవాళ్ళు."

2017 చట్టంలో ఆ మాట వచ్చింది. ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. కండరాలు సడలించే మందు, మత్తు లేకుండా కరెంటు పెట్టకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు చూడాలి, శిక్షించడానికి కాదు. రిటైరైన తర్వాత ఆ చట్టం కాగితాలు ప్రింటు తీయించుకుని చేచ్చి ఇంటికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో సెక్షనూ చదివింది. గొలుసు దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

* * *

కేరళ అబ్బాయిల సంగతి వేరే చెప్పాలి. తొంభైల్లో బెంగళూరులో ఎటు చూసినా నర్సింగ్ కాలేజీలు. కొట్టాయం, పాల, తొడుపుళ నుంచి పిల్లలు రైళ్ళు నిండా దిగేవాళ్ళు. సైకియాట్రీ పోస్టింగు అందరికీ ఉండాల్సిందే, కాబట్టి మా వార్డుకు బ్యాచ్‌లుగా వచ్చేవాళ్ళు. మగపిల్లలను మిగతా వార్డుల్లో చిన్నచూపు చూసేవాళ్ళు. మగాడికి ఇదేం చదువు అని బంధువుల మాటలు సరేసరి. మా వార్డులో మాత్రం వాళ్ళు లేకపోతే జరిగేది కాదు. ఉద్రేకంలో ఉన్న మనిషిని నొప్పి తగలకుండా పట్టుకోవడం, గడ్డం గీయడం, స్నానం చేయించడం, క్యారమ్స్ ఆడి ఓడిపోవడం. చేచ్చి వాళ్ళకు మొదటి రోజు చెప్పే మాట, "ముందు చేతులు జేబులోంచి తీయి. తర్వాత కూర్చో. నిలబడి ఎవరి కష్టమూ వినలేం."

కష్టాలు వాళ్ళకూ ఉండేవి. చదువు కోసం ఇంట్లో రబ్బరు తోట కుదవ పెట్టిన పిల్లలే ఎక్కువ. చదువయ్యాక ఉద్యోగమంటే బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో. ఒక నర్సింగ్ హోములో అలా ఇద్దరు పిల్లల సర్టిఫికెట్లు ఆపేస్తే, విదేశీ ఇంటర్వ్యూ తేదీ దగ్గర పడుతుంటే, చేచ్చి డ్యూటీ దిగి యూనిఫారంతోనే వెళ్ళి వాళ్ళ రిసెప్షన్లో కూర్చుంది. వచ్చే పోయే రోగులు "సిస్టర్, డాక్టరెక్కడ?" అని ఆవిడనే అడుగుతుంటే అందరికీ దారి చెప్తూ కూర్చుంది. సాయంత్రానికి కవర్లు చేతికొచ్చాయి.

రెండు వేల సంవత్సరం అటూ ఇటూ బ్రిటన్ తలుపులు తెరిచింది. అక్కడి ఆసుపత్రుల్లో నర్సుల కొరత. శివాజీనగర్‌లో ఫోటో స్టూడియోలకు, టైపు సెంటర్లకు పండగ. అక్కడికి వెళ్ళినా నేరుగా నర్సు కాలేరు, కొన్ని నెలలు వాళ్ళ కింద పనిచేసి చూపించాకే రిజిస్ట్రేషను. ఇక్కడ వార్డు ఇంచార్జిగా ఉన్నవాళ్ళు అక్కడ వృద్ధాశ్రమంలో పక్కదుప్పట్లు మార్చారు. ఉత్తరాల్లో అవన్నీ రాసేవాళ్ళు కారు, మంచు ఫోటోలు పంపేవాళ్ళు. చేచ్చికి మాత్రం ఫోను చేసి ఏడ్చేవాళ్ళు.

సోజన్ జోసెఫ్ నడిచింది కూడా ఆ తరం నడిచిన దారే. తేడా ఏమిటంటే అతను ఉద్యోగంతో ఆగలేదు. 2023లో ముందు ఆష్‌ఫర్డ్ స్థానిక కౌన్సిల్‌కు గెలిచాడు, మరుసటి ఏడాది పార్లమెంటుకు. ప్రార్థన రోజు ఐర్లండు నుంచి వచ్చిన అమ్మాయి ఒక మాట అంది. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి, తెలియని మనిషి చెప్పేది విసుక్కోకుండా వినడం మెంటల్ వార్డు నర్సుకు కొత్త కాదక్కా, అది మనం రోజూ చేసిందే అని. నాకు అది నిజమనిపించింది.

* * *

అమెరికాలో ఇంకొకావిడ ఉండేది, ఎడ్డీ బెర్నీస్ జాన్సన్. 2023 ఆఖరి రోజున పోయిందని పేపర్లో చదివి ఆవిడ గురించి వెతికాను. ఆవిడా మెంటల్ వార్డు నర్సే. టెక్సస్‌లో పుట్టింది. అక్కడ నల్లవాళ్ళకు మంచి నర్సింగ్ స్కూలు లేక ఇండియానా వెళ్ళి చదివింది. డల్లాస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి వాళ్ళు ఆవిడను చూడకుండానే ఉద్యోగం ఇచ్చారు. తీరా వెళ్తే, నల్లమనిషి అని చూసి హాస్టలు గది లేదన్నారట. ఆవిడ గదిలోకి రాకముందే వేరేవాళ్ళు వెళ్ళి ఈవిడ అర్హత ఉన్న నర్సేనని రోగులకు చెప్పేవాళ్ళట. అదే ఆసుపత్రిలో సైకియాట్రిక్ నర్సుల పెద్ద అయ్యింది. 1992లో అమెరికా కాంగ్రెస్‌కు గెలిచింది. రిజిస్టర్డ్ నర్సు ఒకరు అక్కడికి ఎన్నికవడం అదే మొదలు. ముప్పై ఏళ్ళు ఉంది. సైన్సు కమిటీకి అధ్యక్షురాలైంది.

ఇదంతా చేచ్చికి చదివి వినిపించాను. హాస్టలు గది దగ్గర ఆపమంది. మా స్కూల్లో తమతో ఒకే బల్ల మీద అన్నం తిననివ్వని పిల్లలు ఉండేవాళ్ళని, ఎవరిని పక్కన కూర్చోనివ్వలేదో వాళ్ళ పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయని చెప్పింది. నర్సుల హాస్టళ్ళలో ఇలాంటివి జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

బ్రిటన్‌లో సోజన్‌కు ముందు కూడా నర్సులు ఎంపీలయ్యారు. ఆన్ కీన్ 1997 నుంచి 2010 దాకా, ఆన్ మిల్టన్ 2005 నుంచి 2019 దాకా. ఇద్దరూ ఆరోగ్యశాఖలో మంత్రులుగా చేశారు. ఒకరు లేబర్, ఒకరు కన్సర్వేటివ్. పార్టీలతో నాకు పని లేదు. ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు ఆ సభలో బెడ్‌పాన్ ఎత్తినవాళ్ళు ఉన్నారు, నాకు అది చాలు.

మన దగ్గర డాక్టర్లు వెళ్తున్నారు. సోజన్ గెలిచిన ఏడాదే, నెల ముందు, జయదేవ హృద్రోగ సంస్థ నడిపిన సి.ఎన్. మంజునాథ్ గారు బెంగళూరు రూరల్ నుంచి లోక్‌సభకు గెలిచారు. పెద్ద మనిషి, పేదవాళ్ళ గుండెలు బాగుచేసిన మనిషి. మా వీధిలో అందరం సంతోషించాం. నర్సుల చదువుకు, రిజిస్ట్రేషనుకు సంబంధించిన 1947 నాటి చట్టం తీసేసి 2023లో పార్లమెంటు కొత్త కమిషన్ చట్టం చేసింది. మా వృత్తి ఎలా ఉండాలో రాసుకున్న చట్టం అది. ఆ చర్చ జరిగేటప్పుడు రాత్రి డ్యూటీల గురించి, ఒక్క నర్సుకు నలభై మంచాల గురించి, ఆపేసిన సర్టిఫికెట్ల గురించి నిలబడి చెప్పడానికి మా మనిషి ఒకరు అక్కడ కూర్చుని ఉండాల్సింది. నా బాధ ఇదే. చేచ్చి బాధ కూడా ఇదే, పోయేదాకా.

ఈమధ్య ఒక సాయంత్రం మా వీధికి ఏదో పార్టీ పిల్లలు సభ్యత్వాలు రాయించుకోవడానికి వచ్చారు. ఇద్దరిలో ఒకడు హిందూపురం పిల్లవాడు, యాస పట్టుకున్నాను. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను. మీ సమస్యలేంటమ్మా అన్నాడు, కాలువ, కరెంటు, నీళ్ళ ట్యాంకరు అంటానని పెన్ను తీశాడు. "మీ పార్టీ ఇంతవరకు ఎంతమంది నర్సులకు టికెట్టు ఇచ్చింది నాయనా?" అన్నాను. వాడు పక్కవాడి మొహం చూశాడు. "మా అన్నను అడిగి చెప్తానమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సమస్య అనే గడిలో "నర్సుల టికెట్లు" అని రాయబోతుంటే వద్దన్నాను. నేను అన్నది అన్నట్టు, మొత్తం వాక్యం రాయించాను. రాసింది ఒకసారి గట్టిగా చదవమన్నాను.